మన ఇళ్లలోని తమ్గాలు – వాటి చరిత్ర, వాటి విలువ



ఈ వార్షిక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యవర్గం వారు అడిగినప్పుడు, అలవాటు ప్రకారం పిల్లల చదువుల మీదనే నాలుగు మాటలు వ్రాద్దామనుకున్నాము. కాని ఆ మధ్య మా తరగతిలో జరిగిన ఒక సంగతి మనసులో మెదులుతూనే ఉన్నది. ముందు అది చెప్పి, తరువాత అసలు విషయానికి వస్తాము.

ఏడవ తరగతి అమ్మాయి ఒకతె రుమాలులో కట్టుకొని గుండ్రటి బిళ్ల ఒకటి తెచ్చింది. "సార్, ఇది మా నానీమా పెట్టెలో ఉండె. పాత రూపాయా?" అని అడిగింది. చేతిలోకి తీసుకొని చూస్తే రూపాయి కాదు. ఒకటిన్నర అంగుళం వెడల్పు ఉన్నది, పైన కొక్కెం ఉన్నది, కొక్కేనికి నల్లదారం కట్టి ఉన్నది. ఒక వైపు కిరీటాలు ధరించిన రాజు, రాణి, వారి చుట్టూ పూలదండ. రెండవ వైపు అంతా ఫారసీ అక్షరాలు. కూడబలుక్కొని చదివినాము. అది 1911 నాటి ఢిల్లీ దర్బారు తమ్గా.

మరునాడు వారి ఇంటికి పోయినాము. నానీమా మంచం మీద కూర్చొని అంతా చెప్పినారు. ఆమె తాతగారు నిజాం పరివారం వెంట ఢిల్లీకి పోయివచ్చినారట. తమ్గాతోబాటు ఒక కాగితం కూడా ఉండేదట. "ఆ కాగితం ఏదమ్మా?" అని అడిగితే ఇంట్లోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండు నెలల కింద ఇంటికి సున్నం వేయించేటప్పుడు పాత కాగితాలన్నీ మూట కట్టి రద్దీవానికి వేసేసినారు. బిళ్ల మాత్రం వెండి కదా అని ఉంచుకున్నారు. దానిని కూడా పెళ్లి ఖర్చుల కోసం సరాఫ్ దుకాణంలో తూకం వేయించి, ధర మాట్లాడి పెట్టుకున్నారు.

తప్పు ఎవరిదీ కాదు. ఆ కాగితం చదవగలిగినవారు ఇంట్లో నానీమా ఒక్కరే. ఆమె చూపు మందగించి చాలా కాలమైంది. అయినా వెండిని దాచుకొని విలువను రద్దీకి వేసినట్లయింది కదా అని మాకు బాధ కలిగింది. అందుకే మా చిన్నపాటి జ్ఞానంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాము. వికారాబాద్, తాండూరు ప్రాంతాలలో మన ఇళ్ల పెట్టెల అడుగున ఇటువంటివి ఇంకా ఉండవచ్చును.

తమ్గా అంటే ఏమిటి?

నాణెం చెలామణి కోసం పుడుతుంది, తమ్గా జ్ఞాపకం కోసం పుడుతుంది. ఉర్దూలో మనం తమ్గా అనేదానినే తెలుగువారు పతకం అంటారు. ఇందులో రెండు రకాలున్నవి. యుద్ధంలోనో, సర్కారు నౌకరీలోనో చేసిన సేవకు ఇచ్చేది ఒక రకం. పట్టాభిషేకం, దర్బారు, జూబిలీ వంటి ఒక సందర్భానికి గుర్తుగా వేయించి పంచేది రెండవ రకం. దీనినే స్మారక పతకం అంటారు.

యూరపులో ఈ ఆచారానికి ఆద్యుడుగా ఇటలీ చిత్రకారుడు పిసానెల్లోను చెప్పుకుంటారు. 1438 ప్రాంతంలో ఆయన కుస్తున్‌తునియా చక్రవర్తి ముఖచిత్రంతో ఒక పతకం పోత పోసినాడు. మన దేశంలో జహంగీర్ బాద్‌షా తన బొమ్మ ఉన్న మొహరీలు వేయించి, ఇష్టులైన దర్బారీలకు ఇచ్చేవాడు. వారు వాటిని ధరించేవారు. అదే బాద్‌షా 1613లో ఆగ్రా టంకశాలలో వేయించిన వెయ్యి తులాల బంగారు మొహరీ కూడా ఖర్చు చేసుకొనేటందుకు కాదు, ఘనతకు గుర్తుగానే. దాదాపు 12 కిలోల ఆ మొహరీ చివరకు ఎనిమిదవ నిజాం ముకర్రం జా చేతికి వచ్చిందని చరిత్రకారులు చెబుతారు. 1987లో జెనీవాలో వేలానికి వచ్చినదనే వార్త పుట్టి మన ప్రభుత్వం విచారణ జరిపించింది, కాని మొహరీ చేతికి చిక్కలేదు.

మన దక్కన్‌లో నజరానా ఆచారం అందరికీ తెలిసినదే. దర్బారులో పాలకునికి అష్రఫీ సమర్పించడం మర్యాద. అంటే లోహపు బిళ్ల మీద గౌరవాన్ని, జ్ఞాపకాన్ని నిలపడం మనకు కొత్త సంగతి కాదు. రిబ్బను కట్టి ఛాతీ మీద పెట్టుకొనే పద్ధతి మాత్రం ఇంగ్లీషువారి వెంట వచ్చింది.

మూడు ఢిల్లీ దర్బారులు

మన దేశంలో స్మారక తమ్గాలకు పెద్ద సందర్భాలు మూడు దర్బారులు. మొదటిది 1877 జనవరి 1న జరిగింది. విక్టోరియా రాణిని ఖైసరే హింద్‌గా ప్రకటించినారు. అప్పటికి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పసివాడు. దివాన్ మొదటి సాలార్ జంగ్ ఆయనను వెంటబెట్టుకొని ఢిల్లీకి పోయినారు. ఆనాటి తమ్గా చాలా పెద్దది, వెడల్పు 58 మిల్లీమీటర్లు. దాని మీద బిరుదు ఇంగ్లీషు, ఫారసీ, హిందీ మూడు లిపులలో ఉంటుంది. రెండవ దర్బారు ఎడ్వర్డ్ చక్రవర్తి పేరిట 1903 జనవరిలో జరిగింది.

మూడవది 1911 డిసెంబరు 12న ఐదవ జార్జి స్వయంగా వచ్చి జరిపినది. అదే సంవత్సరం ఆగస్టులో గద్దెనెక్కిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దానికి హాజరైనారు. ఈ దర్బారు తమ్గాలు బంగారంలో 200, వెండిలో 30,000 వేసినారని లెక్క. బంగారువి సంస్థానాధీశులకు, పెద్ద అధికారులకు దక్కినవి. వెండివి చిన్న అధికారులకు, ఫౌజీలకు, దర్బారు పనులలో ఉన్నవారికి దక్కినవి. ముఖ్యంగా గమనించవలసినది ఒకటున్నది. ఈ తమ్గాల మీద పుచ్చుకున్నవారి పేరు చెక్కలేదు. ఎవరిదైనా ఒకటే అచ్చు. కాబట్టి ఎవరికి వచ్చిందో చెప్పేది దాని వెంట ఉన్న కాగితమో, ఇంటి పెద్దల నోటి మాటో మాత్రమే. మా విద్యార్థిని ఇంట్లో రద్దీకి పోయినది సరిగ్గా అదే.

మన రియాసత్ జూబిలీ

ఇక మన హైదరాబాద్ రియాసత్ సంగతి. ఏడవ నిజాం పాలనకు 25 సంవత్సరాలు నిండిన రజతోత్సవం 1936లో జరగవలసినది. ఆ ఏడు జనవరిలో ఐదవ జార్జి చనిపోవడంతో వాయిదాపడి, 1937 ఫిబ్రవరిలో జరిగింది. పబ్లిక్ గార్డెన్స్‌లోని జూబిలీ హాలు ఆ ఉత్సవం పేరు మోస్తున్నదే. ఆ సందర్భానికి తమ్గాలు వేయించినారు, నాలుగు తపాలా బిళ్లలు కూడా విడుదల చేసినారు. వాటి మీద యునానీ దవాఖానా, ఉస్మానియా దవాఖానా, ఉస్మానియా విశ్వవిద్యాలయం, జూబిలీ హాలు బొమ్మలున్నవి. రాజు ముఖానికి బదులు దవాఖానాలు, చదువుల భవనాలు వేయించడం చూడదగిన విశేషం.

ఆ జూబిలీకి వచ్చిన కానుకలు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఉన్నవి. ఈ మ్యూజియం 2000 సంవత్సరంలో ప్రజల కోసం తెరిచినారు. 2018 సెప్టెంబరులో అక్కడినుండి మూడు అరల బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, చెంచా దొంగతనం కావడం, పది రోజుల లోపే పోలీసువారు వాటిని పట్టుకోవడం పత్రికలలో చదివే ఉంటారు. లోకానికి తెలిసిన వస్తువును దొంగ కూడా సులభంగా అమ్ముకోలేడు. ఎవరికీ తెలియని వస్తువు మాత్రం ఒక్క పూటలో మూసలోకి పోతుంది. ఇంటి తమ్గాను నలుగురికి తెలిసేటట్లు నమోదు చేసి ఉంచుకోవడంలోని మేలు ఇదే.

వికారాబాద్ పేరు కూడా ఒక జ్ఞాపకమే. పాయెగా అమీరు, రియాసత్ ప్రధానమంత్రిగా పనిచేసిన వికారుల్ ఉమ్రా పేరు మీద వచ్చిన పేరు ఇది. వాడి–సికింద్రాబాద్ రైలు మార్గం 1874లో తెరిచిన నాటినుండి మన రెండు ఊళ్లకూ రాజధానితో రాకపోకలు పెరిగినవి. తాండూరు తాలూకా 1956 వరకు గుల్బర్గా జిల్లాలో ఉండేది. పాయెగాలో, రైల్వేలో, ఫౌజులో, పోలీసులో, తాలూకా కచేరీలో నౌకరీ చేసినవారి కుటుంబాలు ఇక్కడ తక్కువేమీ కాదు. తమ్గాలు అమీర్ల ఇళ్లలోనే ఉంటాయనుకోవడం పొరపాటు.

మరి అంతమందికి వచ్చినవి ఏమైనవి? కొన్ని బిడ్డల పెళ్లిళ్లకు కరిగిపోయినవి. కొన్ని తావీజు లాకెట్లుగా మారినవి. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత భయపడి నిజాం మొహరు ఉన్న సనదులను, కాగితాలను పొయ్యిలో వేసినవారున్నారని మా ఇంటి పెద్దలు చెప్పేవారు. బిళ్ల నిప్పులో పడ్డా వెండిగా మిగులుతుంది. కాగితం మిగలదు. అందుకే ఈనాడు కాగితంతో సహా దొరికే తమ్గా అరుదు.

అక్షరం తెలిస్తేనే విలువ తెలుస్తుంది

ఉర్దూ పంతులు కాబట్టి ఉర్దూ గొప్ప చెప్పుకుంటున్నారని అనుకోవద్దు. ఒక్క ఉదాహరణ చూడండి. మన హాలీ సిక్కా రూపాయి మీద చార్మినార్ ఉంటుంది. మధ్య కమానులో ఒక అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలానిదైతే మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిదైతే ఐన్. ఉస్మాన్ అలీ ఖాన్ మొదటి రోజులలో, అంటే హిజ్రీ 1329, 1330 ప్రాంతంలో వేసిన కొన్ని రూపాయలలో ఐన్ సగమే, తల మాత్రమే ఉంటుంది. తరువాత వచ్చినవాటిలో నిండు ఐన్ ఉంటుంది. సేకరించేవారు ఈ రెండింటినీ వేరువేరు రకాలుగా లెక్కపెడతారు. తూకంలో ఏమీ తేడా లేదు, వెండిలో ఏమీ తేడా లేదు. తేడా అంతా అక్షరం తోకలో ఉన్నది.

అదే రూపాయి మీద 92 అనే అంకె కనబడుతుంది. దానిని సంవత్సరమనుకొని తికమకపడేవారిని చూచినాము. అది అబ్జద్ లెక్కలో ముహమ్మద్ అనే పవిత్ర నామానికి వచ్చే మొత్తం. మీమ్ 40, హే 8, మీమ్ 40, దాల్ 4. ఇంకొక అంకె పాలనా సంవత్సరం, అంటే సనే జులూస్. మరొకటి హిజ్రీ సంవత్సరం. కచేరీ కాగితాలలో అయితే ఫస్లీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే సుమారుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫస్లీ 1347 అంటే 1937–38. ఈ లెక్క తెలియనివాడు తాతగారి సనదు చేతిలో పెట్టుకొని కూడా అది ఏనాటిదో చెప్పలేడు.

విలువను నిర్ణయించే సంగతులు

మమ్మల్ని చాలామంది అడిగేది "సార్, దీనికి ఎంత వస్తది?" అని. ధర చెప్పడం మా పని కాదు, రోజుకొక తీరుగా మారుతుంది. కాని ధర దేనిని బట్టి పెరుగుతుందో, తగ్గుతుందో చెప్పగలము.

మొదటిది లోహము, తూకము. ఇది అట్టడుగు ధర మాత్రమే. ఇంతకు తక్కువ రాదు అనడానికి పనికివస్తుంది. కాని దీనినే పూర్తి విలువ అనుకోవడంలో ప్రమాదమున్నది. వెండి ధర పెరిగినప్పుడల్లా తమ్గాలకు మరణమే. 1980 జనవరిలో ప్రపంచ మార్కెట్టులో వెండి ఔన్సు 50 డాలర్ల దాకా పోయినప్పుడు, మొదటి ప్రపంచయుద్ధం నాటి వెండి తమ్గాలు ఎన్నో కరిగించినారు. ఇటీవలి సంవత్సరాలలో కిలో వెండి లక్ష రూపాయలు దాటింది. మన ఇళ్లకు ఇప్పుడు అదే ఆశ, అదే ప్రమాదం.

రెండవది సంఖ్య. తక్కువ వేసినవానికి గిరాకీ ఎక్కువ. కాని ఎన్ని వేసినారన్నదానికన్నా ఎన్ని మిగిలినవి అన్నది ముఖ్యం. స్వతంత్ర భారతంలో 1964లో వచ్చిన నెహ్రూ నాణెములు మొట్టమొదటి స్మారక నాణెములు. అవి కోట్ల సంఖ్యలో వచ్చినవి, అందరూ దాచుకున్నారు. అందువల్ల పాతవైనా పెద్ద ధర లేదు. పాతదైనంత మాత్రాన విలువైనది కాదు.

మూడవది స్థితి. ముఖచిత్రంలో వెంట్రుకల గీతలు, అక్షరాల అంచులు స్పష్టంగా ఉండాలి. ఇక్కడే మన తల్లులు, అక్కచెల్లెళ్లు తెలియక నష్టం చేస్తారు. ప్రతి పండుగకూ చింతపండు, నిమ్మకాయ, ముగ్గుపొడి, పళ్లపొడి పెట్టి తళతళలాడేటట్లు తోముతారు. వెండి మీద ఏళ్ల తరబడి వచ్చిన నల్లని ఛాయ మురికి కాదు, అది దాని వయసు. తోమినకొద్దీ బొమ్మ అరుగుతుంది, ధర కూడా అరుగుతుంది. మేము చెప్పిన ఆ దర్బారు తమ్గాలో రాణి ముక్కు సగం అరిగిపోయింది. దానికి వందేళ్ల వయసు కారణం కాదు, చింతపండే కారణం. కొక్కెం కోసివేయడం, కొత్త కడియం అతికించడం, రంధ్రం వేయడం ఇంకా పెద్ద దెబ్బలు.

నాల్గవది పేరు. పేరు చెక్కని దర్బారు తమ్గాల సంగతి చెప్పినాము. యుద్ధ తమ్గాలు వేరు. మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసినవారికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ వెండిలోనే 60 లక్షలకు పైగా వచ్చినవి. అంచు మీద నంబరు, హోదా, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. ఆ యుద్ధంలో మన హైదరాబాద్ లాన్సర్లు జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లతో కలిసి ఒకే బ్రిగేడుగా ఈజిప్టు, ఫలస్తీనా రంగంలో పనిచేసినారు. ఢిల్లీలోని తీన్ మూర్తి విగ్రహాలు ఆ మూడు సంస్థానాల జవానులవే. బజారులో సాధారణంగా దొరికే తమ్గాయే అయినా, అంచు మీద హైదరాబాద్ లాన్సర్ల సవారు పేరు ఉంటే దానిని వెతుక్కుంటూ వచ్చేవారుంటారు. కాబట్టి తమ్గా చేతికి వస్తే మొదట ముఖం కాదు, అంచు చూడండి. కొందరు పేరును అరగదీసి వేరే పేరు చెక్కిస్తారు. అలా చేసినచోట అంచు కొంచెం లోపలికి దిగి ఉంటుంది, వ్యాసం తగ్గుతుంది.

ఐదవది వెంట ఉన్నవి. సనదు, ఫర్మాను, ఉత్తరం, డబ్బీ, అసలు రిబ్బను, ధరించి దిగిన ఫోటో. వీటిలో ఏది ఉన్నా విలువ పెరుగుతుంది. ఒకే మనిషికి వచ్చిన నాలుగు తమ్గాలు కలిసి ఉంటే వాటికి ఒక జీవితకథ ఉంటుంది. నలుగురు వారసులు తలా ఒకటి పంచుకుంటే మిగిలేవి నాలుగు బిళ్లలు.

ఆరవది అసలా, నకిలీయా అన్నది. అసలు తమ్గాలు ఎక్కువగా ఉక్కు అచ్చుల మధ్య ఒత్తి ముద్ర వేసినవి. నకిలీలు చాలావరకు పోత పోసినవి. పోతలో చిన్న చిన్న బొబ్బలు, మొద్దుబారిన అక్షరాలు, అంచు చుట్టూ అతుకు గీత కనబడతాయి. తూకం, వ్యాసం తేడా వస్తాయి. వెండి అని చెప్పినది అయస్కాంతానికి అంటుకుంటే ఇక మాట్లాడేది లేదు.

ఏడవది గిరాకీ. ఎంత అరుదైనా అడిగేవాడు లేకపోతే ధర లేదు. ఈ శతాబ్దంలో తమ చరిత్ర మీద ఆసక్తి పెరిగినకొద్దీ సంస్థానాల వస్తువులకు అడిగేవారు పెరిగినారు.

మోసాల గురించి ఒక హెచ్చరిక

విలువ ఉన్నచోట మోసం తప్పదు. మూడు రకాల మోసాలు మన ప్రాంతంలోనూ వినబడుతున్నవి.

ఒకటి, "మీ పాత నాణెం లక్షలకు కొంటాము, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు పంపండి" అని వచ్చే ఫోన్లు. రిజర్వు బ్యాంకు పేరు కూడా వాడుకుంటారు. అటువంటి వ్యవహారాలతో తమకు సంబంధం లేదని, ఎటువంటి ఛార్జీలు, కమీషన్లు అడగమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో బహిరంగంగా ప్రకటించింది. కొనేవాడు డబ్బు ఇస్తాడు గాని అడగడు. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు.

రెండు, రైస్ పుల్లింగ్. రాముని బొమ్మలో, హనుమంతుని బొమ్మలో ఉండి, ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అనే సంవత్సరం వేసిన రాగి బిళ్లలకు బియ్యపు గింజలను లాగే శక్తి ఉన్నదని చెప్పి లక్షలు గుంజుతారు. కంపెనీ అటువంటి నాణెములు వేయనే లేదు. అవి తరువాతి కాలంలో ఎవరో చేసి అమ్మినవి. రాగికి బియ్యాన్ని లాగే గుణం అల్లాహ్ పెట్టలేదు. హిందూ సోదరులు, మనవారు అని లేకుండా ఆశపడ్డవారందరూ ఇందులో మునిగినారు. 786 నంబరు నోటుకు వేలు పోయడం కూడా ఆలోచించవలసిన విషయమే. బిస్మిల్లాహ్ బరకత్ చదివి ఆచరించడంలో ఉన్నది గాని నోటు నంబరులో లేదు.

మూడు, "పరిమిత సంఖ్య" అని ప్రకటనలు ఇచ్చి అమ్మే కొత్త వెండి బిళ్లలు. అమెరికాలో ఫ్రాంక్లిన్ మింట్ అనే సంస్థ 1970లలో ఇటువంటి వరుసలు ఎన్నో అమ్మింది. కొన్నవారిలో చాలామందికి తరువాత అమ్మబోతే దాదాపు వెండి ధరే వచ్చింది. కానుకగా ఇవ్వడానికి కొనుక్కోవచ్చును. లాభానికి మాత్రం కొనవద్దు.

చట్టం, జకాత్, వారసత్వం

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. 1911 తమ్గాకు 2011లోనే నూరేళ్లు నిండినవి. కాబట్టి విదేశాలలో ఉన్న బంధువుల ద్వారా అమ్మిద్దామనుకునేవారు జాగ్రత్తపడాలి.

జకాత్ విషయం కూడా మరచిపోరాదు. నిసాబ్ బంగారానికి ఏడున్నర తులాలు, వెండికి యాభై రెండున్నర తులాలు. హనఫీ ఫిఖ్‌హ్‌లో బంగారం, వెండి ఏ రూపంలో ఉన్నా లెక్కలోకి వస్తాయి. తమ్గా అయినా అంతే. వ్యాపారం కోసం కొని పెట్టినవైతే లెక్క వేరు. మీ మసీదు ఇమాముగారిని గాని, ముఫ్తీగారిని గాని అడిగి తెలుసుకోండి.

వారసత్వంలో ఒక సలహా. ఒకే మనిషి తమ్గాలను, కాగితాలను విడదీయవద్దు. ఒకరు మొత్తం ఉంచుకొని, మిగతా హక్కుదారులకు వారి వాటా డబ్బు రూపంలో ఇచ్చుకుంటే షరీఅత్ నిలుస్తుంది, చరిత్ర కూడా నిలుస్తుంది.

మనం చేయవలసినది

ఖర్చు లేని పనులే చెబుతాము. తమ్గాను అంచులు పట్టి తీయండి, ముఖం మీద వేలు పెట్టవద్దు. తోమవద్దు. మెత్తని పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో వేస్తే కొంతకాలానికి పచ్చని జిగురు వస్తుంది. రబ్బరు బ్యాండు తగిలినచోట వెండి నల్లబడుతుంది. తేమ లేనిచోట, శుభ్రమైన కాగితపు కవరులో విడివిడిగా ఉంచండి. కవరు మీద పేరు, ఎవరినుండి వచ్చింది, ఏ సంవత్సరం అన్నది వ్రాయండి. రెండు వైపులా, అంచు మీద ఫోటోలు తీసుకోండి. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోనున్నది, అది ఈ పనికి కూడా వాడుకోవాలి.

అమ్మవద్దని మేము అనము. అవసరం మనిషిని ఎక్కడికైనా తీసుకుపోతుంది, బిడ్డ పెళ్లి కన్నా బిళ్ల ఎక్కువ కాదు. కాని సరాఫ్ తక్కెడలో పెట్టకముందు, తెలిసినవారి చేత ఒక్కసారి చదివించండి. హైదరాబాద్ పోయినప్పుడు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలను, 2022లో సైఫాబాద్ పాత టంకశాలలో తెరిచిన మ్యూజియంను పిల్లలకు చూపించండి.

సంఘం కార్యవర్గానికి మా మనవి ఒకటే. సంఘంలో ఒక దస్తరం తెరవాలి. ఏ ఇంట్లో ఏ తమ్గా, ఏ సనదు ఉన్నదో ఆ ఇంటివారి ఇష్టం మీద వ్రాసుకోవాలి. వస్తువు వారి ఇంట్లోనే ఉంటుంది, వివరం మాత్రం దస్తరంలో ఉంటుంది. ధర వ్రాయనవసరం లేదు, ఎవరికీ చూపనవసరం లేదు. ఫారసీ, ఉర్దూ చదివిపెట్టే పనికి ఆదివారాలు మేము, మా పెద్ద తరగతుల పిల్లలు సిద్ధంగా ఉన్నాము.

ఆ నానీమా సంగతి చెప్పి ముగిస్తాము. ఆనాడు ఆమె చెప్పినదంతా మేము ఉర్దూలో ఒక తావు కాగితం మీద వ్రాసినాము. తాతగారి పేరు, ఆయన చేసిన నౌకరీ, ఢిల్లీకి పోయివచ్చిన సంగతి, చిన్నప్పుడు ఆ తమ్గాను ఆయన ఛాతీ మీద తాను చూచిన పండుగ. అంతా చదివి వినిపించినాము. కింద ఆమె వేలిముద్ర, వాడకట్టులోని ఇద్దరు పెద్దల సంతకాలు, తారీఖు వేయించినాము. పోయిన అసలు కాగితంతో ఇది సమానం కాదు, బజారులో దీనికి ఏ ధర పలుకుతుందో మాకు తెలియదు. కాని ఇంట్లోవాళ్లు తమ్గాను సరాఫ్‌కు ఇవ్వలేదు. పెళ్లి ఖర్చు వేరే విధంగా సర్దుకున్నారు. మరుసటి రంజాన్ నాటికి నానీమా లేరు. అల్లాహ్ ఆమెకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆ అమ్మాయి మాత్రం ఆ కాగితాన్ని ఎక్కడా ఆగకుండా చదవగలుగుతున్నది.

మీ ఇళ్లలోని పెద్దలు కూడా ఈ రోజు ఉన్నారు. ఈ సంచిక చదవడం అయిన తరువాత వారి పక్కన కూర్చొని ఒక్క మాట అడగండి, చెప్పినది వ్రాసుకోండి.

అల్లాహ్ మనందరికీ మేలైన చదువును, మన పెద్దల మంచిని గుర్తుంచుకొనే మనసును ప్రసాదించుగాక. ఆమీన్.